సీజన్ అయిపోయినాక

ఎర్ర జట్టు ఓడిపోవాలని జలంధర్ మొక్కని దేవుడు లేడు. కొండగట్టు అంజన్నకు మొక్కాడు, ధర్మపురి నర్సన్నకు మొక్కాడు, దోహా శివారు మెసైమీర్‌లో తమ లేబర్ క్యాంప్ పక్కనున్న మసీదు ముందు నుంచి నడిచిపోతూ, ఎందుకైనా మంచిదని అటువైపు కూడా ఒక దండం పెట్టాడు. అలాగని అతనికి ఎర్ర జట్టు మీద పగేమీ లేదు. నిరుడు ఈపాటికి బాస్కెట్‌బాల్ అనే ఆట ఒకటుందని కూడా అతనికి తెలియదు. అడుగు లేని బుట్టలో బంతి వేసి, అది కింద నుంచి జారిపోతే ఇంత సంబరమేమిటని మొదట్లో నవ్వుకున్న మనిషి.

దోహాలో ఆరు కాలేజీల కుర్రాళ్ళు చలికాలమంతా ఆడే లీగ్ అది. ఆ హాలును శుభ్రం చేసే కాంట్రాక్ట్ జలంధర్ కంపెనీది. ఆటకు ముందు చెక్క నేలంతా ఊడ్చి తుడవాలి. ఆట నడుస్తున్నంతసేపూ ఒక్కో రింగు కింద, గీతకు అవతల, ఒక్కో మనిషి మాప్ పట్టుకుని కూర్చోవాలి. ఆటగాడు కింద పడితే చెమట మరక మిగులుతుంది. బంతి అవతలి కొసకు పోగానే పరిగెత్తి దాన్ని తుడిచి, బంతి తిరిగొచ్చేలోపు గీత దాటి వచ్చెయ్యాలి. ఒక రింగు జలంధర్‌ది, రెండోది అతని గదివాడు భూమేష్‌ది. కాలేజీల పేర్లు ఇంగ్లిషులో బారెడు పొడుగుండేవి. వీళ్ళిద్దరికీ బనీను రంగే పేరు: నీలం జట్టు, ఎర్ర జట్టు, పచ్చ జట్టు.

ఆరింట్లో చివరికి మిగిలినవి నీలం, ఎర్ర. ఫైనల్ అంటే ఒక్క ఆటతో తెగేది కాదు, మూడింట్లో రెండు గెలవాలి. మొదటిది నీలం గెలిచింది. గురువారం రెండోది. అదీ నీలమే గెలిస్తే సీజన్ అయిపోయినట్టే. ఎర్ర గెలిచిందా, శనివారం మూడో మ్యాచ్ ఉంటుంది.

ఆదివారం ఊళ్ళో పంచాయితీ. జలంధర్‌కు పెళ్ళాం ఉంటుందో ఉండదో తేలేది ఆ రోజే.

"ఏందిరా జలందరా, మల్లా అదే పాటనా?" అన్నాడు సూపర్‌వైజర్ తిరుపాలు, స్టోర్ గదిలో ఫినాయిల్ డబ్బాలు సర్దుతూ. తిరుపాలుది కడప జిల్లా. చెడ్డవాడేమీ కాడు. కాకపోతే పైవాళ్ళు సరేనన్నదానికి కూడా తను ఒక పూట ఆలస్యం చేస్తే తప్ప ఉద్యోగం చేసినట్టు తోచదు.

"తిరుపాలన్నా, నీ కాళ్ళు మొక్కుత. ఐతారానికన్న ఊరు చేరుకోవాలె. పాస్‌పోర్ట్ ఇప్పియ్యి, దేశం దాటే ఎగ్జిట్ పర్మిట్ మీద సంతకం పెట్టియ్యి. టికెట్ నా పైసలతోనే కొనుక్కుంట."

"సంతకం నేను పెడతానా? మేనేజర్ పెట్టల్ల. ఆయప్ప ఏమన్నాడో నీకు ఎన్నిసార్లు సెప్పల్ల? సీజన్ అయిపోయినాక పొమ్మన్నాడు. అయిపోయిన పొద్దే కాయితం నీ చేతిలో పెడతా. నా మాట."

"సీజన్ శనివారం దాకా పోతే?"

"పోతే ఆదివారం విమానమెక్కు."

"ఆదివారం ఎక్కి ఏం జేస్తనన్నా, ఇడుపు కాయిదం రాసుకున్నంక?"

తిరుపాలు డబ్బా కింద పెట్టి అతని వైపు చూశాడు. "ఉన్నోళ్ళలో సగం మందిని స్టేడియం సైట్‌కు గుంజకపోయినారు. ప్రపంచమంతా ఈడికొచ్చి ఫుట్‌బాల్ ఆడతారంట, దానికి ఇప్పట్నుంచే మనుషులు చాలడం లేదు. ఈ హాలుకు మిగిలింది మీరిద్దరే. నిన్ను పంపిస్తే నీ రింగు కింద మా తాత వచ్చి కూచుంటాడా?" అని, కాస్త మెత్తబడి, "నీలపోళ్ళు బాగా ఆడతాండారు కదా. గురువారానికే తెగిపోతాదిలే" అన్నాడు.

పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అంటారు. ఇక్కడ పిల్లికి ఎలుక ఉన్న సంగతే తెలియదు. ఆ కుర్రాళ్ళు ఎవరికీ అపకారం చెయ్యలేదు, ఎంచక్కా బంతాడుకుంటున్నారు. వాళ్ళ బంతి ఎటు పడితే జలంధర్ కాపురం అటు పడేట్టు ఎవరో ముడి వేశారు. వేసిన చెయ్యి ఎవరిదో పట్టుకుందామంటే తిరుపాలు మేనేజర్ని చూపిస్తాడు, మేనేజర్ కాంట్రాక్టును చూపిస్తాడు. కాంట్రాక్టుకు చెవులుండవు, కాళ్ళు మొక్కినా తెలియదు.

ఆ సాయంత్రం క్యాంప్ మెట్ల మీద కూర్చుని సునందకు ఫోన్ చేశాడు. కోరుట్ల పక్క ఊళ్ళో ఆమె తల్లిగారింట్లో ఉంది. బీడీలు చుడుతూ, ఫోన్ భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని మాట్లాడింది.

"ఇడిచిపెడతనని నేను అనలే. మా అన్నలు అన్నరు. పెద్దమనుషులు ఐతారం గడువు పెట్టిన్రు. రెండేండ్లని పోయి ఐదేండ్లాయె. గల్ఫ్‌ల ఉన్నోడు ఇంకేమస్తడు, రాసుకొని ఈ పిల్లకు వేరే తొవ్వ చూద్దాం అంటున్నరు."

"ఫోన్ల చెప్త సునందా. స్పీకర్ పెట్టుమను. నలుగురు ఇనంగనే చెప్త."

"ఫోన్ల మాట పంచాయితీల చెల్లదట. మనిషి అచ్చి గద్దె ముంగట కూసోవాలె. పోయిన దసరకు అస్తనని ఫోన్లనే చెప్పినవ్ గద. గంతకు ముందు బోనాలకు. అప్పుడు గూడ నలుగురు ఇన్నరు."

రెండుసార్లూ రావాలనే అనుకున్నాడు జలంధర్, రెండుసార్లూ కంపెనీ పంపలేదు. కానీ ఆ మాట ఎన్నిసార్లు చెప్పినా సాకులాగే వినపడుతుంది, చెప్పేవాడికి కూడా.

"నాకు చీరలు వద్దు, సామాను వద్దు" అంది సునంద. "నువ్వు అచ్చి, నలుగుర్ల కూసోని, నాకు సునంద గావాలె అను. గంతే. గంతకు మించి నేనేం అడుగుతలే. గది గూడ అనకపోతే నేను మా అన్నలను ఏమని ఎదిరియ్యాలె?"

"అస్త. సుక్రారం విమానమెక్కుత."

"ఎక్కినంక చెప్పు" అని పెట్టేసింది.

ఆ వారమంతా జలంధర్ ఆ మూడు మాటల్ని వల్లె వేసుకున్నాడు. నేల తుడుస్తూ, కుర్చీలు వరసగా పెడుతూ, నాకు సునంద గావాలె, నాకు సునంద గావాలె. గద్దె ముందు ఎలా కూర్చోవాలి, తలపాగా తీసి పక్కన పెట్టాలా, ముందు ఎవరికి దండం పెట్టాలి అని భూమేష్‌ను అడిగాడు. "ముందు పోరాదు బావా, కూసునే ముచ్చట తర్వాత" అన్నాడు భూమేష్.

బుధవారం ఎర్ర జట్టు ప్రాక్టీసుకు వచ్చింది. ఆ జట్టులో ఒక తెలుగు కుర్రవాడున్నాడు, బాబీ. అసలు పేరు వేరే ఏదో ఉండాలి, బనీను వెనక కూడా బాబీ అనే రాసుంది. తండ్రి వేణుగోపాలరావు ఏదో కన్సల్టెన్సీలో ఇంజనీరు, కాపురం మదీనత్ ఖలీఫాలో. కుర్రవాడు పుట్టిందీ పెరిగిందీ దోహాలోనే. తెలుగు మాట్లాడితే సగం ఇంగ్లిషు, మిగతా సగం వాళ్ళమ్మ కాకినాడ యాస. సీజన్ మొదట్లో జలంధర్, భూమేష్ మాట్లాడుకుంటుంటే విని, "అన్నా, మీరు తెలుగా" అని తానే వచ్చి పలకరించాడు. అప్పటినుంచి ప్రతి మ్యాచ్‌కు ముందు జలంధర్ దగ్గరికొచ్చి, "అన్నా, ఎడం వైపు కార్నర్ కొంచెం చూసుకోవా. నేను దిగేది అక్కడే" అనడం అలవాటైంది. పైకెగిరి ఎడమ చేత్తో బంతి వేసి ఆ మూలనే దిగుతాడు. జలంధర్ ఆ మూలను కొంచెం ఎక్కువ శ్రద్ధగానే తుడిచేవాడు. ఇంత పెద్ద హాలులో తన పని ఒకటుందని గుర్తించి అడిగినవాడు ఆ కుర్రవాడొక్కడే.

ఆ రోజు ప్రాక్టీసయ్యాక బాబీ టవల్ మెడలో వేసుకుని వచ్చి పక్కన చతికిలబడ్డాడు. "ఏంటన్నా, అలా ఉన్నావ్? ఒంట్లో బాలేదా?"

చెప్పకూడదనే అనుకున్నాడు జలంధర్. కానీ వారం రోజులుగా మింగలేక కక్కలేక ఉన్న మనిషి, అడిగేవాడు దొరికితే ఆగలేకపోయాడు. పంచాయితీ సంగతి, గడువు సంగతి, తిరుపాలు మాట, అన్నీ చెప్పేశాడు. బాబీ వింటూ వింటూ టవల్ కొసను వేలికి చుట్టుకోవడం ఆపేశాడు.

"అంటే రేపు మేం గెలిస్తే నువ్వు వెళ్ళలేవా?"

జలంధర్ నేలవైపు చూశాడు. "నువ్వు గెల్వాలె తమ్మీ. నా ముచ్చట పక్కకు పెట్టు."

"ఓడిపోలేనన్నా." బాబీ టవల్ కొసను మళ్ళీ వేలికి చుట్టుకున్నాడు. "నాన్న ప్రాజెక్ట్ జూన్‌తో అయిపోతోంది. రెన్యూ చెయ్యరట. అమ్మావాళ్ళు వెళ్ళిపోతారు. నేను ఇక్కడ చదువు పూర్తి చెయ్యాలంటే కాలేజీ స్కాలర్‌షిప్ ఇవ్వాలి. గెలిస్తే ఇస్తామన్నారు, నా ఆట చూసే ఇస్తామన్నారు. సారీ అన్నా."

"నువ్వెందుకు సారీ చెప్తవ్" అన్నాడు జలంధర్. ఆ మాట మనస్ఫూర్తిగానే అన్నాడు. అన్న తర్వాత, లేచి వెళ్తున్న కుర్రవాడి వీపు చూస్తూ, వీడు లేకపోతే ఎర్ర జట్టులో ఏముంది, అనుకున్నాడు. అది కూడా మనస్ఫూర్తిగానే అనుకున్నాడు. రెండూ ఒకే మనసులో ఎలా పట్టాయో అతనికి తెలియలేదు.

గురువారం హాలు నిండింది. నీలం వాళ్ళు డప్పులు తెచ్చుకున్నారు. బాబీ తల్లి లలితకుమారి మూడో వరసలో ఒళ్ళో బ్యాగు పెట్టుకుని, ఎవరు బంతి వేసినా ముందు కొడుకు ఎక్కడున్నాడో వెతుక్కుంటూ కూర్చుంది. జలంధర్ తన రింగు కింద గీతకు అవతల మోకాళ్ళ మీద కూర్చున్నాడు, పక్కన మాప్, భుజం మీద పొడి గుడ్డ. ఆటకు ముందు బాబీ రాలేదు, దూరం నుంచే చెయ్యెత్తి ఎడం మూలను చూపించాడు. జలంధర్ తలూపాడు.

మొదట నీలం బాగా ఆడింది. సగం ఆట అయ్యేసరికి జలంధర్ మనసులో సూట్‌కేసు సర్దుకుంటున్నాడు. ఊరికి ఏ బస్సు పట్టుకోవాలి, పొద్దున్నే గడ్డం గీయించుకోవాలా, అవన్నీ ఆలోచిస్తూనే రెండుసార్లు లేచి తుడిచి వచ్చాడు. మూడో భాగంలో బాబీకి పూనకం వచ్చినట్టయింది. ఎటునుంచి వేసినా బంతి బుట్టలోనే పడుతోంది. కాలేజీ పెద్దలు కుర్చీల్లో ముందుకు జరిగారు. చివరి భాగం మొదలయ్యేసరికి ఎర్ర పైన ఉంది, పైనే ఉంటూ వస్తోంది. జలంధర్ బోర్డు మీది అంకెల్ని చూశాడు. ఐదేళ్ళలో ఎన్నోసార్లు ఏడుపొచ్చింది గాని, ఇంతమంది వెలుగులో, ఇంత చప్పుడులో ఎప్పుడూ రాలేదు.

ఆట ఇక కొద్దిసేపే ఉందనగా నీలం జట్టువాడొకడు బంతి కోసం ఎగిరి, జలంధర్ ముందే వెల్లకిలా పడ్డాడు. పడి లేచి అవతలికి పరిగెత్తాడు. వాడు పడ్డచోట, ఎడం మూలలో, మంచినీళ్ళ బిందె దించినంత మేర నేల తడిసి మెరిసింది. బంతి అవతలి కొసకు పోయింది. అందరూ దాని వెనకే పోయారు. బాబీ పోతూ పోతూ ఒకసారి వెనక్కి చూశాడు.

జలంధర్ చెయ్యి మాప్ కర్ర మీద పడింది. లేవాలి. లేస్తున్నాననే అనుకున్నాడు. చలికాలమంతా లేచినట్టే, బుద్ధి చెప్పకముందే కాళ్ళు లేచినట్టే. ఈసారి కాళ్ళు లేవలేదు. రిఫరీ విజిల్ వేస్తాడేమో చూద్దామనుకున్నాడు, విజిల్ అక్కర్లేదని అతనికి తెలుసు. బంతి తిరిగొచ్చేస్తుందేమో అనుకున్నాడు, అది ఇంకా అవతలి రింగు దగ్గరే చేతులు మారుతోంది. తుడిచి రావడానికి కావలసినంత సమయం ఉంది. భూమేష్ అవతలి కొస నుంచి తడిని చూసి, లేవమన్నట్టు చెయ్యి ఊపాడు. జలంధర్ ఆ చేతిని చూశాడు. చూసి కూర్చున్నాడు.

బంతి తిరిగొచ్చింది. బాబీ చేతిలోనే వచ్చింది. ఇద్దరిని తప్పించి, పైకెగిరి, ఎడమ చేత్తో వేశాడు. బంతి బుట్టలో పడిందో లేదో జలంధర్ చూడలేదు. దిగిన కాలు ముందుకు జారింది, మోకాలు పక్కకు తిరిగింది. ఆ చప్పుడు డప్పుల్లో కూడా వినపడింది.

డప్పులు ఆగాయి. అప్పుడు లేచాడు జలంధర్. అందరికంటే ముందు పరిగెత్తింది అతనే. పరిగెత్తి, కుర్రవాణ్ణి పట్టుకోలేదు. మాప్‌తో ఆ తడిని తుడిచాడు. ఒక్కసారి కాదు, నేల పొడిగా తళతళలాడేదాకా తుడిచాడు. పక్కనే బాబీ పళ్ళు బిగించి మూలుగుతున్నాడు. ఆ తర్వాతే స్ట్రెచర్ తెచ్చినవాళ్ళు "భాయ్, పకడో" అంటే ఒక కొస పట్టుకున్నాడు. లలితకుమారి చెప్పులు కూడా వేసుకోకుండా వరసలు దిగి వచ్చింది. అంబులెన్స్ దాకా జలంధర్ మోచెయ్యి పట్టుకునే నడిచింది. "జాగ్రత్త బాబూ, జాగ్రత్త, కుదపకండి" అంటూనే ఉంది.

అతను తిరిగొచ్చేసరికి ఆట అయిపోవచ్చింది. బాబీ లేని ఎర్ర జట్టుకు చేతులాడలేదు. నీలం గెలిచింది. డప్పులు మళ్ళీ మొదలయ్యాయి, పైనుంచి రంగు కాగితాలు రాలాయి. అవన్నీ ఊడ్చాల్సింది జలంధర్, భూమేషే. ఊడుస్తుంటే తిరుపాలు వచ్చి అతని చొక్కా జేబులో కవరు దోపాడు. పాస్‌పోర్ట్, పర్మిట్, రెండూ ఉన్నాయి. "సెప్పినానా లేదా? సీజన్ అయిపోయినాక అంటే అయిపోయినాకే. రేపు మూడింటికి వ్యాన్ వస్తాది. నక్క తోక తొక్కినావు పో" అన్నాడు.

భూమేష్ మాత్రం కాగితాలు ఊడ్చాడు, సంచిలో నింపాడు, మూతి కట్టాడు. క్యాంప్ బస్సులో పక్కనే కూర్చుని, "నాకు కనపడ్డది బావా, నీకు కనపడలేదా" అని ఒక్క మాట అడిగాడు. జలంధర్ అద్దంలోంచి బయటికి చూశాడు. మెట్రో కోసం తవ్విన గుంతల చుట్టూ ఎర్ర దీపాలు వెలుగుతున్నాయి.

శుక్రవారం పొద్దున టికెట్ కొని, సూట్‌కేసు కట్టేసి, అది గదిలోనే ఉంచి, జలంధర్ ఆసుపత్రికి వెళ్ళాడు. ఎందుకు వెళ్తున్నాడో తనకే స్పష్టంగా తెలియదు. కుర్రవాడు బాగానే ఉన్నాడని, చిన్న దెబ్బేనని ఎవరైనా చెబితే విని వచ్చేద్దామనుకున్నాడు. రెండు డజన్ల అరటిపళ్ళు కొన్నాడు. ఒక్క మనిషికి అన్ని ఎందుకో కొన్నాక అర్థం కాలేదు.

గది బయటే లలితకుమారి కనపడింది. ఒక్క రోజులో పదేళ్ళు పైబడ్డట్టుంది. "నువ్వేగా బాబూ నిన్న మోసుకొచ్చింది? రా, రా. వాళ్ళ టీమ్ పిల్లలే ఇంకా రాలేదు, నువ్వు గుర్తుపెట్టుకుని వచ్చావు." లోపలికి తీసుకెళ్తూ గొంతు తగ్గించింది. "మోకాలు లోపల తెగిపోయిందట. ఆపరేషన్ చెయ్యాలట. ఇంక ఆట మాట అడగొద్దన్నారు. వాడికి ఇంకా పూర్తిగా చెప్పలేదు, నువ్వూ అనకు. వాళ్ళ నాన్నగారు కింద ఫార్మసీలో ఉన్నారు. ఉండు, టీ తెస్తా."

బాబీకి ఎవరూ చెప్పక్కర్లేదని వాడి మొహం చూడగానే తెలిసింది. కాలు దిండ్ల మీద ఎత్తి కట్టారు. జలంధర్ అరటిపళ్ళు ఎక్కడ పెట్టాలో తెలియక చేత్తోనే పట్టుకుని నిలబడ్డాడు.

"ఫ్లైట్ ఎప్పుడన్నా?"

"పొద్దుమూకంగ." పళ్ళను ఈ చేతిలోంచి ఆ చేతికి మార్చుకున్నాడు. "తమ్మీ, ఆడ తడి ఉండె. నేను చూసిన."

"తెలుసు" అన్నాడు బాబీ. పైకప్పు వైపు చూస్తున్నాడు. "నేనూ చూశా. అటు పరిగెత్తేటప్పుడే చూశా."

"చూసి మళ్ళ ఆడికే ఎందుకు అచ్చినవ్?"

"నువ్వున్నావుగా. తుడిచేసి ఉంటావనుకున్నా."

తిట్టి ఉంటే, మొహం తిప్పుకుని ఉంటే జలంధర్ కాళ్ళమీద పడి ఉండేవాడు. ఆ కుర్రవాడు తిట్టడం లేదు. ఒక లెక్క ఎక్కడ తప్పిందో చూసుకుంటున్నవాడిలా చెబుతున్నాడు.

"అమ్మకు చెప్పకన్నా" అన్నాడు బాబీ. "చెబితే నాన్నకు తెలుస్తుంది. నాన్న కాలేజీకి ఫోన్ చేస్తారు, వాళ్ళు మీ కంపెనీకి చేస్తారు. నీ పర్మిట్ ఆపేస్తారు. నా కాలు ఎలాగూ పోయింది. నువ్వైనా వెళ్ళు." తల గోడవైపు తిప్పుకున్నాడు.

లలితకుమారి టీ తెచ్చింది. జలంధర్ నిలబడే తాగాడు, నాలుక కాలినా తెలియలేదు. ఇవాళ ఊరికి వెళ్తున్నాడని విని, ఆవిడ ఎవరో చూడ్డానికొచ్చి ఇచ్చిన ఖర్జూరాల పెట్టె తీసి అతని చేతిలో పెట్టింది. "మీ ఆవిడకివ్వు. మా వాణ్ణి మోసినవాడివి, ఉత్త చేతులతో పంపలేను." జలంధర్ తీసుకున్నాడు. తీసుకుని, దండం పెట్టి, బయటికి వచ్చేశాడు. పెట్టె పెద్ద బరువేమీ లేదు, అయినా రెండు చేతులతో పట్టుకున్నాడు.

ఆసుపత్రి ముందు బస్‌స్టాప్ దాకా వచ్చాక సునంద ఫోన్ చేసింది. ఎప్పుడూ అతనే చెయ్యాలి. ఆమె చెయ్యడం ఈ ఐదేళ్ళలో ఇదే మొదలు.

"బయలెల్లినవా?"

"మూడింటికి వ్యాన్ అస్తది."

"మా అన్నలు రాడన్నరు. నేను అస్తడన్న." ఆమె గొంతులో నవ్వుంది. ఆ నవ్వును అతను ఎన్నాళ్ళ కిందట విన్నాడో గుర్తు లేదు. "నిజం చెప్పాల్నంటే నాకు గూడ నమ్మకం లేకుండె. ఇప్పుడచ్చింది. మనిషి గట్టిగనే కొట్లాడిండు నా కొరకు అనుకున్న. ఐతారం నలుగుర్ల ఏమంటవో ఒకసారి నాకు జెప్పు, నేనింట."

మూడు మాటలు. వారమంతా నాలుక మీద తిరిగినవి. జలంధర్ నోరు తెరిచాడు.

"సునందా, నేనొక పోరని కాలు ఇరగ్గొట్టిన."

చెప్పడం మొదలుపెట్టాక ఆపలేదు. తడి సంగతి, కూర్చుండిపోయిన సంగతి, తుడిచేసి ఉంటావనుకున్నానని ఆ కుర్రవాడన్న సంగతి, అన్నీ చెప్పాడు. బస్సు వచ్చి ఆగింది, తలుపు తెరుచుకుంది, మూసుకుంది, వెళ్ళిపోయింది. "నీ కొరకే సునందా, ఐతారానికి అందుకోవాలనే..." అన్నాడు చివరికి.

"నా మీద ఎయ్యకు" అంది సునంద. నవ్వు పోయింది. "అచ్చి కూసో అన్న. గట్ల రమ్మన్ననా నేను?"

"లే."

"ఆ తల్లికి జెప్పినవా?"

"లే. చెప్తే నన్ను రానియ్యరు. ఐతారం దాటిపోతది. ఆ పోరడే చెప్పకుమన్నడు."

అటునుంచి ఎవరో పిల్లలు వాకిట్లో అరుచుకుంటున్న చప్పుడు మాత్రం వినపడింది. ఆమె ఏడుస్తోందో, ఆలోచిస్తోందో అతనికి తెలియలేదు. రమ్మను, ఒక్క మాట రమ్మను, అనుకున్నాడు.

"నాకు సునంద గావాలె అంటవ్" అంది చివరికి, మెల్లగా. "నలుగురు నమ్ముతరు, వాళ్ళకేమెర్క. నేను గూడ ఆడనే కూసుంట గద. నేనెట్ల నమ్మాలె?"

ఆమె రమ్మనలేదు, రావద్దనలేదు. ఫోన్ ఆగిపోయింది, బ్యాలెన్స్ అయిపోయిందో, ఆమే పెట్టేసిందో.

ఇంకో బస్సు వచ్చింది. క్యాంప్ వైపు పోయేదే. డ్రైవరు తలుపు తెరిచి, ఎక్కుతావా లేదా అన్నట్టు చూశాడు. "యల్లా, భాయ్" అన్నాడు. జలంధర్ జేబులోని కవరును తడిమి చూసుకున్నాడు. పాస్‌పోర్ట్ ఉంది, పర్మిట్ ఉంది. మేనేజర్ సంతకం ఇంకా కొత్తగా నీలంగా ఉండి ఉంటుంది. డ్రైవరుకు వద్దని చెయ్యూపాడు.

లలితకుమారి గది బయట కుర్చీలో ఒంటరిగా కూర్చునుంది. అతన్ని చూసి, "ఏం బాబూ, ఏదైనా మర్చిపోయావా?" అంది. జలంధర్ ఖర్జూరాల పెట్టెను ఆమె పక్క కుర్చీలో పెట్టాడు. పెట్టి, రింగు కింద కూర్చునేట్టే ఆమె ముందు నేలమీద మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

"అమ్మా, నేను చెప్పేది ఇన్నంక నువ్వు ఎవరికి ఫోన్ చేసుకుంటవో చేసుకో" అన్నాడు.